పేరు లేకుండా వచ్చి పేరు తెచ్చుకున్న బాస్కెట్‌బాల్ ఆటగాడు: ఎవరిని నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి

2012 ఫిబ్రవరి 4న అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో న్యూజెర్సీ నెట్స్‌తో జరిగిన మ్యాచ్‌లో, వేరే దారి లేక, న్యూయార్క్ నిక్స్ కోచ్ మైక్ డాంటోనీ బెంచి చివర కూర్చుని ఉన్న జెరెమీ లిన్‌ను కోర్టులోకి పంపాడు. డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) ఏ జట్టూ తీసుకోని, అంతకు ముందు డిసెంబర్ నెలలోనే రెండు జట్లు వదిలేసిన ఆ గార్డ్ (బంతి నడిపించే ఆటగాడు) ఆ రాత్రి 25 పాయింట్లు, 7 అసిస్టులు (సహచరుడి పాయింట్లకు దారితీసిన పాస్‌లు) చేసి మ్యాచ్ గెలిపించాడు. ఆ తరువాత ఆరంభం నుంచి ఆడిన మొదటి ఐదు మ్యాచ్‌లలో కలిపి 136 పాయింట్లు చేశాడు. అందులో లేకర్స్ మీద ఒక్క రాత్రి చేసినవే 38. ఫిబ్రవరి 23న మయామీ హీట్ జట్టుతో ఆడినప్పుడు మాత్రం 11 షాట్లు వేసి ఒక్కటే రింగ్‌లో వేయగలిగాడు, 8 సార్లు బంతి పోగొట్టుకున్నాడు. నెట్స్, మయామీ మ్యాచ్‌ల మధ్య గడిచినవి 19 రోజులు. ఆటగాడు అతడే, నేర్చిన విద్య అదే. ఎదుటి జట్టు మాత్రం ఈసారి అతడి కోసమే సిద్ధపడి వచ్చింది.

అనుకోకుండా పైకి వచ్చిన ఆటగాళ్ళలో ఎవరిని ఎంచుకోవాలనే ప్రశ్నకు నా జవాబు ఈ తేడాలోనే ఉంది. వెలుగులోకి వచ్చిన మొదటి నెలలో ఒక ఆటగాడు ఎన్ని పాయింట్లు చేశాడన్నది రెండో విషయం. ప్రత్యర్థి అతడి ఆటను వీడియోలో నాలుగు సార్లు చూసి, ఇష్టమైన దారి మూసేసిన తరువాత అతడి దగ్గర ఏం మిగిలిందన్నది మొదటి విషయం. జట్టులో ఒక్క చోటే ఖాళీ ఉండి, ఇద్దరు ముగ్గురు కొత్త ఆటగాళ్ళు పోటీలో ఉన్నప్పుడు, వారిని పాయింట్ల వరుసలో నిలబెట్టడం కన్నా ఈ ప్రశ్న ముందు నిలబెట్టడం మేలు.

అంకెలను ఎంత నమ్మవచ్చు

కొత్త ఆటగాడి విషయంలో అందరూ ముందు చూసేది మూడు పాయింట్ల షాట్ (దూరపు గీత బయటి నుంచి వేసేది) శాతాన్ని. తొందరపడి నమ్మకూడని అంకె కూడా అదే. నిజంగా 35 శాతం సత్తా ఉన్న షూటర్ వంద ప్రయత్నాలు చేస్తే, మూడింట రెండు వంతుల సందర్భాలలో 30 నుంచి 40 దాకా ఎంతైనా పడవచ్చు. అంటే సమానమైన సత్తా ఉన్న ఆరుగురిని తీసుకుంటే, వారిలో సుమారు ఒకరు కేవలం అదృష్టం కలిసివచ్చి 40 శాతం షూటర్‌గా కనిపిస్తాడు. ఆ ఒక్కడి గురించే పత్రికలు రాస్తాయి, ఆ ఒక్కడికే పెద్ద కాంట్రాక్ట్ వస్తుంది. ప్రయత్నాలు 400 దాటితే ఈ ఊగిసలాట సగానికి తగ్గుతుంది. అందుకని 60 ప్రయత్నాలలో 27 వేసినవాడికన్నా 400 ప్రయత్నాలలో 152 వేసినవాడు నా దృష్టిలో గట్టివాడు, మొదటివాడి శాతం 45, రెండోవాడిది 38 అయినా సరే.

ఫ్రీ త్రో (ఎదుటివాడు ఫౌల్ చేసినప్పుడు దొరికే షాట్) ఇంతకంటే నమ్మదగిన సాక్ష్యం. అక్కడ డిఫెండర్ అడ్డు రాడు, దూరం మారదు, మణికట్టు ఎంత నిలకడగా ఉందో ఉన్నదున్నట్లు తెలుస్తుంది. మూడు పాయింట్ల షాట్లలో తడబడుతున్నా ఫ్రీ త్రోలలో 85 శాతం వేసే కుర్రవాడికి దూరపు షాట్ కూడా వస్తుందని ఆశ పెట్టుకోవచ్చు. దూరం నుంచి 41 శాతం, ఫ్రీ త్రో గీత దగ్గర 62 శాతం వేసేవాడి విషయంలో మాత్రం నేను ఆ 41ని కాకుండా ఈ 62నే నమ్ముతాను.

ఇక పాయింట్ల సంగతి. ఒక గార్డ్ 18 షాట్లు, 5 ఫ్రీ త్రోలు వాడుకుని 22 పాయింట్లు చేశాడనుకుందాం. మరొకడు 11 షాట్లు, 5 ఫ్రీ త్రోలతో 17 చేశాడనుకుందాం. ఫ్రీ త్రోల సంఖ్యను 0.44తో గుణించి షాట్లకు కలిపి, వచ్చిన మొత్తానికి రెట్టింపుతో పాయింట్లను భాగిస్తే ట్రూ షూటింగ్ శాతం వస్తుంది. ఆ లెక్కన మొదటివాడిది 54.5, రెండోవాడిది 64.4. ఇటీవలి సంవత్సరాలలో ఎన్‌బీఏ సగటు 57, 58 శాతం దగ్గర ఉంటోంది కనుక, 22 పాయింట్లు చేసినవాడు జట్టుకు వచ్చిన అవకాశాలను సగటు కంటే తక్కువ ఫలితానికి ఖర్చు పెడుతున్నాడన్నమాట. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తక్కువ షాట్లు వేసేవాడు సాధారణంగా సులువైనవే ఎంచుకుని వేస్తాడు. అతడి భుజాల మీద బరువు పెంచితే ఆ 64 శాతం నిలవకపోవచ్చు. అందుచేత ఒక్క శాతాన్ని కాకుండా, బాధ్యత పెరిగిన వారాలలో ఆ శాతం ఎంత పడిపోయిందో చూడాలి. బరువు పెరిగినా కొద్దిగానే తగ్గితే అది మంచి గుర్తు.

గార్డులు: లిన్, బ్రన్సన్, థామస్

అందరికన్నా ముందు కళ్ళలో పడేవాడు, అందరికన్నా త్వరగా మోసపుచ్చేవాడు కూడా బంతి చేతిలో ఉంచుకుని ఆడే గార్డే. అతడి అంకెలు పరిస్థితిని బట్టి ఉబ్బుతాయి. లిన్ వెలిగిన రోజులలో జట్టు ముఖ్య ఆటగాళ్ళు కార్మెలో ఆంథొనీ గాయంతోనూ, అమారే స్టౌడమైర్ సోదరుడి మరణం వల్లనూ జట్టుకు దూరమయ్యారు. డాంటోనీ పద్ధతి అంతా పిక్ అండ్ రోల్ మీద నడిచేది: ఒక సహచరుడు డిఫెండర్ దారికి అడ్డు నిలిచి, అంటే స్క్రీన్ వేసి, ఆపై రింగ్ వైపు కదిలే ఎత్తు అది. స్క్రీన్ వేసి రింగ్ వైపు దూకడానికి టైసన్ చాండ్లర్ ఉన్నాడు. ఇన్ని కలిసివచ్చినా 136 పాయింట్లు చేయడం తేలిక కాదు. లిన్ ప్రతిభను తగ్గించి చెప్పడం నా ఉద్దేశం కాదు. అతడు తరువాత ఏళ్ళ తరబడి ఎన్‌బీఏలో ఆడాడు, 2019లో టొరంటో జట్టుతో ఛాంపియన్ అయ్యాడు. నేను అడిగేది ఒక్కటే: ఆ పరిస్థితులు తీసేస్తే అతడి ఆటలో ఎంత నికరంగా నిలుస్తుంది?

మయామీ మ్యాచ్‌ను దగ్గరగా చూస్తే జవాబు కనిపిస్తుంది. మారియో చాల్మర్స్, నోరిస్ కోల్ బంతి అందుకున్న చోటి నుంచే లిన్‌ను వెంటాడారు. స్క్రీన్ దగ్గరికి చేరే సరికి ఇద్దరు డిఫెండర్లు ఒకేసారి మీద పడ్డారు. ఇలాంటి ఉచ్చులో గార్డ్‌కు దొరికేది ఒక్క క్షణం. ఆ క్షణంలో, డిఫెండర్ల చేతులు పైకి లేవకముందే, స్క్రీన్ వేసి లోపలికి కదిలిన సహచరుడికి బంతి అందించేయాలి. అందిస్తే అవతల నలుగురు ముగ్గురి మీద ఆడినట్లవుతుంది. క్షణం దాటి డ్రిబుల్ ఆగిపోతే, బంతిని తల మీదికి ఎత్తి పట్టుకుని దారి వెతుక్కోవలసి వస్తుంది, ఆ పాస్ ఎదుటివాడి చేతిలో పడుతుంది. ఆ రాత్రి 8 టర్నోవర్లు ఊరికే రాలేదు. సీజన్ మొత్తం మీద లిన్ 35 మ్యాచ్‌లలో సగటున 27 నిమిషాలు ఆడి 6.2 అసిస్టులు, 3.6 టర్నోవర్లు చేశాడు.

దీని పక్కన జేలెన్ బ్రన్సన్‌ను పెట్టి చూడండి. అతడూ ఎవరూ పెద్దగా ఆశించని ఆటగాడే: ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు, ఎగిరే సత్తువ సాధారణం, 2018 డ్రాఫ్ట్‌లో 33వ స్థానం. 2023-24లో అదే నిక్స్ జట్టుకు సగటున 35 నిమిషాలు ఆడి, 28.7 పాయింట్లు, 6.7 అసిస్టులు చేస్తూ, పోగొట్టుకున్న బంతులు మాత్రం 2.4. లిన్ కన్నా ఎక్కువ సేపు బంతి పట్టుకుని, ఎక్కువ ఒత్తిడిలో ఆడి, తక్కువ పోగొట్టుకున్నాడు. కారణం అతడి పాదాలలో ఉంది. అతడు డిఫెండర్‌ను వేగంతో దాటిపోయే ఆటగాడు కాడు. భుజం ఆనించి లోపలికి జరిగి, రింగ్‌కు పది పన్నెండు అడుగుల దూరంలో రెండు కాళ్ళ మీద ఒక్కసారిగా ఆగి, ఒక పాదం నేలకు అంటించి ఉంచి రెండో పాదంతో అటూ ఇటూ తిరుగుతాడు. డిఫెండర్ ఒక్కసారి గాలిలోకి లేస్తే చాలు, కింద నుంచి షాట్ వేసేస్తాడు. లేవకపోతే మళ్ళీ తిరుగుతాడు. ఇది వేగం మీద ఆధారపడిన విద్య కాదు కనుక అవతలివాళ్ళు ముందే తెలుసుకుని వచ్చినా ఆపడం కష్టం.

బ్రన్సన్ సగటు పాయింట్లు ఏడాది తరువాత ఏడాది ఇలా నడిచాయి: 9.3, 8.2, 12.6, 16.3, 24.0, 28.7. చికాగో తరఫున ఎదిగిన జిమ్మీ బట్లర్ లెక్క కూడా ఇలాగే ఉంటుంది. 2011లో 30వ స్థానంలో వచ్చిన అతడు మొదటి ఏడు 2.6తో మొదలై 8.6, 13.1, 20.0కి చేరాడు. ఇలా మెట్టు మెట్టుగా ఎక్కినవాడు ప్రతి మెట్టు దగ్గరా ప్రత్యర్థి పరీక్షను దాటి వచ్చినట్లే. ఒక్క నెలలో శిఖరానికి చేరినవాడికి ఆ పరీక్షలన్నీ ఇంకా ముందే ఉన్నాయి. ఒకే స్థాయి అంకెలతో ఇద్దరు గార్డులు ఎదురుగా ఉంటే నేను మెట్లెక్కి వచ్చినవాడినే తీసుకుంటాను.

శరీరం గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఐజాయా థామస్ 2011 డ్రాఫ్ట్‌లో 60వ వాడు, అంటే చిట్టచివరివాడు. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. 2016-17లో బోస్టన్‌కు సగటున 28.9 పాయింట్లు చేశాడు. ఆ ప్లేఆఫ్స్‌లోనే తుంటి గాయం అతడిని ఆపేసింది, ఆ వేసవిలోనే జట్టు మారాడు, మళ్ళీ ఆ ఎత్తుకు చేరలేదు. అతడి ఆట మొత్తం మొదటి అడుగు చురుకు మీద నిలబడింది. తుంటి దెబ్బ తినగానే పునాది కదిలింది. ధైర్యంలో అతడికి సాటి వచ్చేవారు తక్కువ, ఆ సీజన్ తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఎంపిక చేసేవారు మాత్రం, ఒక ఆటగాడి బలం ఒకే కీలు మీద ఆధారపడి ఉందా అని నిర్మొహమాటంగా అడగాలి.

పొడవాటివాళ్ళు: ఒకే సీజన్, ఇద్దరు సెంటర్లు

2015-16 సీజన్ ముగిసే సరికి, అనుకోకుండా పైకి వచ్చిన ఇద్దరు సెంటర్లు (రింగ్ దగ్గర ఆడే పొడవాటి ఆటగాళ్ళు) కళ్ళ ముందు ఉన్నారు. మయామీలో హసన్ వైట్‌సైడ్: 2010లో 33వ స్థానంలో డ్రాఫ్ట్ అయి, నిలదొక్కుకోలేక లెబనాన్, చైనా లీగ్‌లలో ఆడి తిరిగి వచ్చినవాడు. 2015 జనవరిలో చికాగో మీద 14 పాయింట్లు, 13 రీబౌండ్లు (తప్పిన షాట్ బంతిని అందుకోవడం), 12 బ్లాకులతో (ఎదుటివాడి షాట్‌ను అడ్డుకోవడం) అందరినీ ఆశ్చర్యపరిచాడు. డెన్వర్‌లో నికోలా యోకిచ్: సెర్బియాలోని సోంబోర్ పట్టణం నుంచి వచ్చిన, 2014లో 41వ స్థానంలో ఎంపికైన, ఒళ్ళు కొంచెం బరువైన కుర్రవాడు.

ఆ సీజన్ అంకెలు చూసి ఒకరిని ఎంచుకోమంటే నూటికి తొంభై మంది వైట్‌సైడ్‌నే ఎంచుకునేవారు. సగటున 29 నిమిషాలలో 14.2 పాయింట్లు, 11.8 రీబౌండ్లు, లీగ్‌లో అందరికన్నా ఎక్కువగా 3.7 బ్లాకులు. యోకిచ్‌వి దాదాపు 22 నిమిషాలలో 10 పాయింట్లు, 7 రీబౌండ్లు. కానీ ఆ పట్టికలోనే ఒక చిన్న గడి ఉంది: అసిస్టులు. వైట్‌సైడ్‌వి మ్యాచ్‌కు 0.4. యోకిచ్‌వి, అంతకన్నా తక్కువ సేపు ఆడి, 2.4. ఇద్దరినీ 36 నిమిషాల కొలతకు తెచ్చి చూస్తే ఒకరు అర అసిస్టు, మరొకరు నాలుగు.

సెంటర్ విషయంలో ఈ తేడాకు ఎందుకంత విలువ ఇస్తున్నానో చెబుతాను. సెంటర్ చేతికి బంతి వచ్చినప్పుడు అది రింగ్ వైపు మాత్రమే వెళుతుందని తెలిస్తే, డిఫెన్స్ మొత్తం అక్కడికి ముడుచుకుపోతుంది. ఫ్రీ త్రో గీత మూల దగ్గర బంతి పట్టుకున్న యోకిచ్ విషయంలో అలా ముడుచుకునే వీలు లేదు. అతడు బంతి అందుకోకముందే వెనక నుంచి రింగ్ వైపు పరుగెత్తబోయే సహచరుడెవరో చూసి ఉంటాడు. కాపలా కాస్తున్నవాడు ఒక్కసారి బంతి వైపు తల తిప్పితే చాలు, అతడి చెవి పక్క నుంచే పాస్ వెళ్ళిపోతుంది. ఇలాంటి ఆటగాడు తన పాయింట్లతోనే కాక మిగతా నలుగురి షాట్లను తేలిక చేసి జట్టుకు ఉపయోగపడతాడు. ఎత్తు, ఎగురుడు అందరికీ కనిపించే బలాలు. ఎదుటి డిఫెన్స్ తరువాతి క్షణంలో ఎక్కడ ఉంటుందో పసిగట్టగల చూపు కనిపించని బలం, అది వయసుతో తరగదు.

డెన్వర్ కూడా తేలికగా ఈ ఎంపిక చేయలేదు. ఆ జట్టులోనే, అదే 2014 డ్రాఫ్ట్‌లో 16వ స్థానంలో వచ్చిన యూసుఫ్ నుర్కిచ్ ఉన్నాడు; బలశాలి, ముందు వరుస ఎంపిక. ఇద్దరినీ కలిపి ఆడించి చూస్తే కోర్టు ఇరుకైపోయింది. 2016 డిసెంబర్ 15 నుంచి కోచ్ మైక్ మలోన్ యోకిచ్‌నే సెంటర్‌గా ఆరంభంలో ఆడించాడు, ఆ తరువాత డెన్వర్ దాడి లీగ్‌లోని మేటి జట్ల సరసకు చేరింది. రెండు నెలలకే నుర్కిచ్‌ను పోర్ట్‌లాండ్‌కు పంపేశారు. డ్రాఫ్ట్ వరుస చూపించిన దారిని వదిలి, కళ్ళ ముందు కనిపిస్తున్న ఆటను నమ్మినందుకు ఆ జట్టుకు 2021, 2022, 2024 సంవత్సరాల అత్యంత విలువైన ఆటగాడు, 2023 టైటిల్ దక్కాయి. మయామీ 2016 వేసవిలో వైట్‌సైడ్‌కు నాలుగేళ్ళకు 9 కోట్ల 80 లక్షల డాలర్లు రాసిచ్చింది. మరుసటి ఏడు అతడు మ్యాచ్‌కు 14.1 రీబౌండ్లతో లీగ్‌లో మొదటివాడుగా నిలిచాడు కూడా. అయినా 2017లో వచ్చిన బామ్ అడెబాయో, పాస్ చేయగలిగి, గార్డుల ఎదుట కూడా నిలబడి కాపలా కాయగలిగినవాడు, మెల్లగా ఆ చోటు తీసుకున్నాడు; 2019లో వైట్‌సైడ్ వేరే జట్టుకు వెళ్ళిపోయాడు. అతడి అంకెలు అబద్ధం కావు, అవి గెలుపుగా మారే దారి ఇరుకైనది.

షూటర్ కావాలా, డిఫెండర్ కావాలా

చాలా జట్ల ముందుకు వచ్చే ప్రశ్న నిజానికి ఇదే. నక్షత్రం లాంటి ఆటగాడు ముందే ఉన్నాడు. అతడి పక్కన నిలబెట్టడానికి తక్కువ డబ్బుతో ఒకరు కావాలి. ఒకడు షాట్ వేయడంలో దిట్ట, మరొకడు కాపలాలో దిట్ట.

డంకన్ రాబిన్సన్ కథ షూటర్ల బలానికీ బలహీనతకూ రెండింటికీ నమూనా. చిన్న కళాశాల ఆట నుంచి మిషిగన్‌కు, అక్కడి నుంచి 2018లో డ్రాఫ్ట్ కాకుండానే మయామీకి చేరినవాడు. 2019-20లో 606 మూడు పాయింట్ల ప్రయత్నాలలో 270 వేశాడు, అంటే 44.6 శాతం. అన్ని ప్రయత్నాలున్నాయి కనుక అది గాలివాటం కాదు. 2021లో ఐదేళ్ళకు 9 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ వచ్చింది. మరుసటి ఏడు శాతం 37.2కి, ఆపై 32.8కి దిగింది; 2022 ప్లేఆఫ్స్ నాటికి అతడి చోటులో, తనలాగే డ్రాఫ్ట్ కాని మాక్స్ స్ట్రూస్ ఆడుతున్నాడు. షాట్ పోయిందని కాదు, తరువాత మళ్ళీ వచ్చింది కూడా. షాట్ పడని రోజున కోర్టు మీద నిలబెట్టడానికి కోచ్ దగ్గర వేరే కారణం లేకపోవడమే అసలు ఇబ్బంది. ప్లేఆఫ్స్‌లో ప్రత్యర్థి అలాంటి షూటర్‌ను వెతికి వెతికి అతడి మీదికే దాడి నడుపుతుంది.

లుగెంట్జ్ డోర్ట్ దీనికి ఎదురు నమూనా. 2019లో డ్రాఫ్ట్ కాకుండా ఓక్లహోమా సిటీ జట్టులోకి టూ-వే కాంట్రాక్ట్ (ప్రధాన జట్టుకూ దాని దిగువ లీగ్ జట్టుకూ ఆడే ఒప్పందం) మీద వచ్చాడు. 2020 ప్లేఆఫ్స్‌లో హ్యూస్టన్ అతడిని కావాలనే ఖాళీగా వదిలేసింది, తన ప్రధాన ఆటగాడు జేమ్స్ హార్డెన్‌ను ఇబ్బంది పెడుతున్నది అతడేనని తెలిసీ. ఆ సిరీస్ 5వ మ్యాచ్‌లో దూరం నుంచి 9 షాట్లు ప్రయత్నించి ఒక్కటీ రింగ్‌లో వేయలేకపోయాడు. అయినా కోచ్ అతడిని తీయలేదు, తీస్తే హార్డెన్‌కు అడ్డు నిలిచేవాడు లేడు. 7వ మ్యాచ్‌లో అదే డోర్ట్ 30 పాయింట్లు చేశాడు, హార్డెన్ 15 షాట్లలో 4 మాత్రమే వేయగలిగాడు. రెండు పాయింట్ల తేడాతో మ్యాచ్ పోయినా, డోర్ట్ సంగతి లీగ్‌కు తెలిసిపోయింది. ఆ తొలి ఏడు 29.7 శాతంగా ఉన్న అతడి మూడు పాయింట్ల షాట్ 2024-25 నాటికి 41.2కి చేరింది, ఆ ఏడే జట్టు ఛాంపియన్ అయింది, అతడికి లీగ్ మేటి డిఫెండర్లతో ప్రకటించే ఆల్-డిఫెన్స్ తొలి జట్టులో చోటు దక్కింది.

కాపలా కాసేవాడికి షాట్ నేర్పడం, షాట్ వేసేవాడికి కాపలా నేర్పడం, ఈ రెండింటిలో మొదటిదే తరచుగా ఫలిస్తుందని నేను నమ్ముతాను. కాపలాకు కావలసిన పార్శ్వ వేగం, భుజబలం, దెబ్బ తగిలినా జరగని పట్టుదల పెద్దయ్యాక వచ్చేవి కావు. దూరపు షాట్ రోజుకు వందల సార్లు వేసి బాగుచేసుకోగలిగినది. పైగా డిఫెండర్ షాట్ నేర్చుకునే లోపు కూడా కోర్టు మీద ఉండగలడు, ఉంటేనే నేర్చుకుంటాడు. ఒక్క సందర్భంలో మాత్రం షూటర్‌నే తీసుకోమంటాను: జట్టులో బంతి చేతపట్టి ఆడే ఇద్దరు ఉండి, వారిద్దరూ దూరం నుంచి వేయలేనివారైతే. అప్పుడు లోపల చోటు తెరవడం మిగతా అన్నిటికన్నా ముందు వస్తుంది.

ఎంత డబ్బు, ఎన్నేళ్ళు

వెలుగులోకి వచ్చిన వెంటనే సంతకం చేయించాలా, మరో ఏడాది చూడాలా అన్నది ఆటగాడి ఎంపికంత ముఖ్యమైనది. తొందరపాటుకు వైట్‌సైడ్ ఒప్పందం ఒక పాఠమైతే, ఆలస్యానికి బ్రన్సన్ మరొకటి. అతడి పాత జట్టు డాలస్ అతడికి ముందుగానే నాలుగేళ్ళకు సుమారు 5 కోట్ల 55 లక్షల డాలర్ల పొడిగింపు ఇచ్చి ఉండవచ్చు, ఇవ్వలేదు. 2022 ప్లేఆఫ్స్‌లో జట్టు ప్రధాన ఆటగాడు లూకా డోన్‌చిచ్ గాయంతో లేని మొదటి మూడు మ్యాచ్‌లలో బ్రన్సన్ యూటా మీద 24, 41, 31 పాయింట్లు చేశాడు. ఆ వేసవిలో న్యూయార్క్ నాలుగేళ్ళకు 10 కోట్ల 40 లక్షలు ఇచ్చి తీసుకుపోయింది, డాలస్ చేతికి మారుగా ఏమీ రాలేదు.

లిన్ ఒప్పందంలో కిటుకు వేరు. డ్రాఫ్ట్ కాని, అనుభవం తక్కువైన ఆటగాడికి బయటి జట్లు మొదటి రెండేళ్ళు పరిమిత జీతమే ఇవ్వగలవు, మూడో ఏడు మాత్రం పెద్ద మొత్తం రాయవచ్చు. హ్యూస్టన్ అలాగే మొదటి రెండేళ్ళకు ఏడాదికి 50 లక్షల డాలర్లకు కాస్త అటూ ఇటూ, మూడో ఏడుకు దాదాపు కోటిన్నర రాసింది. న్యూయార్క్ అదే మొత్తం ఇవ్వకుండా వదిలేసింది. దీనికి భిన్నంగా ఆస్టిన్ రీవ్స్ విషయంలో, 2021లో డ్రాఫ్ట్ కాకుండా వచ్చిన అతడి ఆటను లేకర్స్ రెండేళ్ళు చూసి, 2023లో నాలుగేళ్ళకు సుమారు 5 కోట్ల 40 లక్షలకు నిలుపుకుంది. అతడి సగటు ఏటేటా 7.3, 13.0, 15.9, 20.2గా పెరిగింది. లెబ్రాన్ జేమ్స్ పక్కన ఆడుతూ, బంతి తన చేతిలో లేనప్పుడు కూడా పనికివస్తూ సాధించిన ఎదుగుదల అది. అందుకే ఆ ధర జట్టుకు లాభం.

నా లెక్క ఇలా ఉంటుంది. నిర్ణయం తీసుకునే వేగమో కాపలాయో బలంగా ఉన్న ఆటగాడికి త్వరగా, నిడివిగా కాంట్రాక్ట్ ఇవ్వవచ్చు. షాట్ ఒక్కటే బలమైనవాడికి కనీసం 400 ప్రయత్నాలు చూసి, రెండేళ్ళకు మించకుండా ఇవ్వాలి. సహచరుల గాయాల వల్ల అంకెలు పెరిగిన గార్డ్ విషయంలో, ఆ సహచరులు తిరిగి వచ్చాక కనీసం ఇరవై మ్యాచ్‌లు ఆగాలి. ఆగితే ధర పెరగవచ్చు. ఆ పెరుగుదలను భరించడం, తప్పు కాంట్రాక్ట్‌ను నాలుగేళ్ళు మోయడం కన్నా తేలిక.

ముగ్గురు కొత్త ఆటగాళ్ళ వీడియోలు ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు, ప్రతి ఒక్కరి అత్యుత్తమ రాత్రిని పక్కన పెట్టి, ఒకే ప్రత్యర్థితో ఆ సీజన్‌లో ఆడిన రెండో మ్యాచ్‌ను ముందు చూడండి. ఇద్దరు డిఫెండర్లు మీదికి వచ్చిన ప్రతి సారీ బంతి ఎంత త్వరగా చేయి దాటిందో, షాట్ తప్పిన తరువాతి క్షణంలో వెనక్కి పరుగు ఏ వేగంతో మొదలైందో, నాలుగో క్వార్టర్ చివరి ఐదు నిమిషాలలో కోచ్ అతడిని కోర్టు మీద ఉంచాడా, బెంచికి పిలిచాడా అన్నది రాసుకోండి. ముగ్గురి కాగితాలూ పక్కపక్కన పెట్టాకే పాయింట్ల పట్టిక తెరవండి.